వేలెత్తి చూసుకోవడం

న్యూయార్క్ సబ్‌వే రైలు స్టేషన్లో ఆగగానే నడిమి పెట్టె కిటికీ తెరుచుకుని ఒక తల బయటికి వస్తుంది. ఆ రైలు కండక్టరు. ఎదురుగా ప్లాట్‌ఫాం మీద నలుపు తెలుపు చారల బోర్డొకటి ఉంటుంది. కండక్టరు దానివైపు వేలెత్తి చూపించాకే తలుపులు తెరుచుకుంటాయి. రైలు మొత్తం ప్లాట్‌ఫాం హద్దులోనే నిలిచిందని రూఢి చేసుకునే పద్ధతి అది. జపాన్ రైల్వేల నుంచి నేర్చుకుని 1996లో న్యూయార్క్ దీన్ని పెట్టుకుంది. ఆ దారిలో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నవారైనా సరే, ఆగిన ప్రతి చోటా వేలెత్తాల్సిందే.

చదువుకో ఉద్యోగానికో ఆ ఊళ్లో కొత్తగా దిగిన మన పిల్లలు ఈ వేలిని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు. అమీర్‌పేటలో ఉండి కోచింగ్ తీసుకున్నవాళ్లకు మెట్రో కొత్త కాదు. అక్కడ ఎర్ర లైనా నీలి లైనా, ఏ కొసకు వెళ్లే బండి అన్నది చూసుకుంటే సరిపోతుంది. న్యూయార్క్‌లో ఆ లెక్క కుదరదు. ఒక్క నీలం రంగులోనే ‘ఎ’, ‘సి’, ‘ఇ’ అని మూడు బండ్లు. ‘ఎ’ బండి ఒక్కటే అయినా క్వీన్స్ చేరేసరికి దాని దారి మూడు పాయలవుతుంది. ‘23వ వీధి’ అన్న పేరుతో మన్‌హటన్‌లో అయిదు స్టేషన్లున్నాయి. అప్‌టౌన్ అంటే ఉత్తరానికి, డౌన్‌టౌన్ అంటే దక్షిణానికి. కొన్నిచోట్ల ఈ రెండింటికీ మెట్లు వేరు. పొరపాటున ఒకవైపు దిగి గేటు దాటితే మళ్లీ పైకి వచ్చి, రోడ్డు దాటి, అవతలి మెట్లు దిగాలి.

ఈ చిక్కుముడి ఎవరో కావాలని వేసింది కాదు. 1904 అక్టోబరు 27న అక్కడ తొలి సబ్‌వే రైలు నడిచింది. తర్వాత రెండు ప్రైవేటు కంపెనీలు, వాటితోపాటు నగర ప్రభుత్వం, ఎవరి దారులు వాళ్లు వేసుకున్నారు. 1940లో మూడూ ఒక్కటయ్యాయి. మూడిళ్ల గోడలు తీసి ఒకే ఇల్లు చేస్తే గదులు కలిసినా గడపలు మిగిలిపోతాయి కదా, అలాంటివే బండ్ల మీది ఈ అంకెలు, అక్షరాలు. అంకెల బండ్లు ఆ తొలి రైలు నడిపిన కంపెనీ వారసత్వం, అక్షరాల బండ్లు తక్కిన రెండింటివి. ఇప్పుడు 472 స్టేషన్లు, రాత్రీ పగలూ ఆగని రాకపోకలు. పట్టాల మరమ్మతు కోసం శని, ఆదివారాల్లో తరచూ దారులు మారుస్తారు. అలాంటి రోజున అక్కడే పుట్టి పెరిగినవాళ్లూ గోడమీది నోటీసు ముందు నిలబడి చదువుకుంటారు. అప్పుడు వాళ్లకూ నిన్న వచ్చినవాళ్లకూ తేడా ఏమీ ఉండదు.

మన అమ్మాయి ఒకతె వేసవి సాయంత్రం టైమ్స్ స్క్వేర్‌లో 7వ నంబరు బండి ఎక్కిందనుకోండి. జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి దగ్గర దిగి, మన దుకాణాల్లో కందిపప్పు, ఆవకాయ కొనుక్కోవాలి. నది కింద సొరంగంలో ఫోను మూగబోతుంది. క్వీన్స్‌లో బండి వెలుతురులోకి వచ్చి, వంతెన మీదికెక్కి, మేడల వరసను ఆనుకుని సాగుతుంది. ఆమె గమనించనిది ఒకటుంది. ఈ దారిలో 7 అంకె చుట్టూ గుండ్రటి గుర్తుంటే బండి అన్ని స్టేషన్లలో ఆగుతుంది. వజ్రం గుర్తుంటే అది ఎక్స్‌ప్రెస్. 74వ వీధి కళ్లముందే దాటిపోయింది. జంక్షన్ బులవార్డ్‌లో దిగి, గుండె దడదడలాడుతుండగా పక్కనున్న పెద్దావిడకు ఫోనులో స్టేషను పేరు చూపించింది. ఆమెకు వచ్చింది స్పానిష్ ఒక్కటే. వేలు ముందు కిందికి చూపించింది, తర్వాత అవతలి ప్లాట్‌ఫాం వైపు చూపించింది, ఆపైన మూడు వేళ్లు ఎత్తింది. మెట్లు దిగి, అటు ఎక్కి, మూడో స్టేషన్లో దిగమని. ఇంతలో ఫోను మోగింది. ఇక్కడ మన ఊళ్లో అప్పుడే తెల్లవారుజామున అయిదవుతోంది, అమ్మ లేచే వేళ. ‘‘చేరావా తల్లీ?’’ ‘‘ముందుకొచ్చేశానమ్మా, వెనక్కి వెళ్తున్నా. ఫర్వాలేదు, దారి తెలిసింది.’’

అదే 7వ నంబరు దారి చివర ఫ్లషింగ్. అక్కడి గణపతి గుడికి 1977లో ప్రతిష్ఠ జరిగింది. ఆ రోజుల్లో గుడి వెతుక్కుంటూ వెళ్లిన మనవాళ్ల చేతిలో ఫోన్లు లేవు. ఉన్నవి కాగితం మ్యాపు, నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న మాట నమ్ముకుని వెళ్లారు, చేరారు. ఇప్పుడు ఫోను దారి చెబుతోంది కనుక మనిషిని అడగడానికి మొహమాటం పెరిగింది. అడిగితే చులకనైపోతామేమోనన్న బెరుకు, తెలిసినట్టు నడవాలన్న పంతం మనల్ని మరో నాలుగు స్టేషన్లు దూరం తీసుకుపోతాయి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, పరాయి ఊరు మాత్రం ఎలా పెడుతుంది?

రేపు అమీర్‌పేట మెట్రోలో ఏ పెద్దాయనో చేతిసంచితో బోర్డు కింద నిలబడి తలెత్తి చూస్తుంటే ఆయన వెనక తొందరపడకండి. ‘‘ఎక్కడికి వెళ్లాలి బాబాయ్?’’ అని అడగండి. ఆయన చేస్తున్నది కండక్టరు చేసే పనే. వచ్చిన చోటు సరైనదేనా అని ఆగి చూసుకుంటున్నాడు. కొత్తవాళ్లయినా పాతకాపులైనా తలుపు తెరుచుకునేముందు చేయాల్సిన పని అదొక్కటే.