కొటేషన్‌లో కనిపించని కారు

తెర మీద హీరోగారు విదేశీ కారు దిగితే మనం ఈల వేస్తాం. ఆ కారు రేవులో దిగినప్పుడు బిల్లు ఎంత దిగిందో మాత్రం అడగం. తమిళ హీరో విజయ్ 2012లో ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న రోల్స్ రాయిస్ ఘోస్ట్ వల్ల ఆ సంగతి కాస్త బయటికొచ్చింది. కస్టమ్స్ సుంకం అయ్యాక రాష్ట్రం ప్రవేశ పన్ను అడిగింది. ఆయన కోర్టుకెళ్లారు. 2021 జులైలో మద్రాసు హైకోర్టు పిటిషన్ కొట్టేసి లక్ష రూపాయల జరిమానా వేసింది. జడ్జిగారి ఘాటు వ్యాఖ్యలను 2022లో పై బెంచి తొలగించిందనుకోండి. ఆ ప్రవేశ పన్ను 2017లోనే జి.ఎస్.టి.లో కలిసిపోయింది.

'రోల్స్ రాయిస్ గొడవ మాకెందుకయ్యా' అంటారా? మొన్న మా అగళిలోనే పనికొచ్చింది సుమండీ!

మా వాడొకడు కువైట్‌లో పదేళ్లు కష్టపడి ఇంటికొచ్చాడు. సెకండ్‌హాండ్ జపాన్ కారు మీద మనసు పడింది. 'పది లక్షలేనన్నా, వక్కతోట కుదువ పెట్టి అడ్వాన్సు పంపిస్తా' అని ఫోన్‌లో కొటేషన్ చూపించాడు. పది లక్షల పక్కన చీమంత అక్షరాలు: ఎఫ్.ఓ.బి.

అంటే జపాన్ రేవులో ఓడ ఎక్కించేదాకానే ఆ ధర. సి. అండ్ ఎఫ్. అని ఉంటే ఓడ కిరాయి కలిసినట్టు. సి.ఐ.ఎఫ్. అంటే బీమా కూడా కలిసినట్టు. మన కస్టమ్స్ వాళ్లు సుంకం కట్టేది ఈ మూడోదాని మీద. కిరాయి కాగితం లేదంటే ఊరుకోరు, ఎఫ్.ఓ.బి. ధరలో 20 శాతం కిరాయి కింద తామే వేసుకుంటారు. రూపాయి రేటు కూడా బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించినదే.

సరే, మావాడి మీద దయతలచి సి.ఐ.ఎఫే పది లక్షలనుకుందాం. 2025 బడ్జెట్ లెక్కన పాత కారుకు మూల సుంకం 70 శాతం, వ్యవసాయ సెస్సు 67.5 శాతం. (కారుకీ సేద్యానికీ చుట్టరికమేమిటని నన్నడక్కండి!) వెరసి 13 లక్షల 75 వేలు. ఇప్పుడు మొత్తం 23 లక్షల 75 వేలయిందా? దాని మీద మళ్లీ జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు నుంచి పెద్ద పెట్రోలు కారుకు 40 శాతం, అంటే తొమ్మిదిన్నర లక్షలు. కారు ఇంకా రేవు గేటు దాటలేదు, 33 లక్షల 25 వేలు! రేవు ఖర్చులు, ఏజెంటు ఫీజు, లారీ కిరాయి, లైఫ్ టాక్స్ ఆ తరవాత.

మావాడు కాసేపు మాట్లాడలేదు. 'పోనీ కువైట్‌లో మా సేటు కారు చవగ్గా ఇస్తానన్నాడు, సామానుతో పాటు తెచ్చుకుంటే?' అన్నాడు. కస్టమ్స్ చట్టంలో మోటారు వాహనం సామాను కిందికి రాదు. పైగా గల్ఫ్ కార్లకు స్టీరింగు ఎడమవైపు. మనకు కుడివైపుదే కావాలి. పాత కారయితే తయారై మూడేళ్లు దాటకూడదు, దిగేది బొంబాయి రేవులోనే. మద్రాసు మనకు దగ్గర కదా అంటే కుదరదు.

ఇంకో తమాషా చూడండి. మా పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేసి దేశదేశాలకు పంపుతోంది. అదే కంపెనీ 2022లో ఈ.వి.6 కారును మాత్రం కొరియా నుంచి తయారుగా తెచ్చి అమ్మింది. ప్రారంభ ధర 59 లక్షల 95 వేలు. ఇక్కడ ఫాక్టరీ ఉన్నవాడికే తప్పని సుంకం మావాడికి తప్పుతుందా?

'బిల్లు తక్కువ రాయించుకుందామన్నా' అన్నాడు చివరికి. అనుమానమొస్తే కస్టమ్స్ ఆ బిల్లును పక్కనపెట్టి సొంతంగా విలువ కడుతుంది, జరిమానా వేరే. అందుకని ఇద్దరం కూర్చుని అమ్మేవాడికి ప్రశ్నలు రాశాం. ధర ఏ రేవు దాకా? బీమా ఎవరిది? తయారైన నెల ఏది? రేటు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఓడ ఆలస్యమైతే రేవు అద్దె ఎవరు కడతారు?

రెండు రోజులకు జవాబొచ్చింది. 'ధర ఎఫ్.ఓ.బి. సార్. అడ్వాన్సు ఈ రోజే పంపితే అయిదు శాతం తగ్గింపు.'

తోట కాగితాలు ప్రస్తుతానికి వాళ్లమ్మ ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి.