ఊరు చెప్పనిదే మందు చెప్పరాదు

ఆరోగ్య పత్రికలకు వచ్చే పాఠకుల ఉత్తరాలను గమనించండి. "నా వయస్సు 42. ఉదయం లేవగానే తుమ్ములు. ఏదైనా గృహవైద్యం తెలుపగలరు" అని ఉంటుంది. వయస్సు ఉంటుంది, బాధ ఉంటుంది, ఇంతకుముందు వాడిన మందుల పట్టిక కూడా ఉంటుంది. ఉత్తరం రాసినవారు ఎక్కడ నివసిస్తున్నారో, అక్కడి ఎండ, గాలి ఎటువంటివో, పగలంతా ఏ కప్పు క్రింద గడుపుతున్నారో ఒక్క వాక్యమైనా ఉండదు. సమాధానం చెప్పేవారు కూడా అడగరు. తుమ్ములకు పసుపు పాలు, నడుము నొప్పికి శొంఠి కషాయం, వేడి చేస్తే సబ్జా గింజలు. ఊరు ఏదైనా, నెల ఏదైనా అదే మందు. ఈ పద్ధతి మారాలని నా అభిప్రాయం. ఈ మాట చెప్పడానికి నాకు ఉన్న అర్హత ఏమిటంటే, ఆ తప్పు నేను స్వయంగా చేసి ఉన్నాను.

నా నివాసం జగిత్యాల. సిరిసిల్లలో సాంచాలు నడిపే మా చిన్నమ్మ కొడుకు ఒక చైత్రమాసంలో ఫోను చేసి, నడుము పట్టేస్తున్నదన్నాడు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాడికి నడుము నొప్పి వాతం గాక మరేమిటని, క్షణమైనా ఆలోచించకుండా పరగడుపున శొంఠి కషాయం సేవించమన్నాను. ఆ మందు మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నదే. వానాకాలంలో నాకు ఎంతో గుణమిచ్చినదే. పదిరోజులు గడవకముందే అతనికి ముక్కునుండి రక్తం కారింది. మూత్రంలో మంట మొదలైంది. ఆసుపత్రిలో పరీక్షించి, ఒంట్లో నీరు తగ్గిపోయిందని, మూత్రపిండంలో చిన్న రాళ్ళున్నాయని చెప్పారు. ఆ రాళ్ళు నా కషాయం వల్ల పుట్టినవి కావు. అవి ఎప్పటినుండో ఉన్నవే. నడుము నొప్పికి అవే కారణం కావచ్చు. కానీ నీరు ఇంకిపోతున్న శరీరానికి, మండువేసవిలో, ఉష్ణవీర్యమైన మందును రోజూ పోయించినవాడిని నేనే.

తర్వాత అతడిని చూడబోయినప్పుడు, ముందే అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను. "నువ్వు పనిచేసే చోట ఎండ ఎట్లుంటది?"

"బయట చెట్టు కింద ఎండ లెక్క వేరన్నా, రేకుల కింద సాంచాల నడుమ ఎండ లెక్క వేరు. పైన రేకులు కాల్తయి, పక్కన మోటార్లు కాల్తయి. పంకా వేస్తే దూది ముక్కుల్లకు వస్తది. నీళ్ళు తాగితే బయటికి పోవాల్సొస్తది, ఆ లోపల దారం తెగుతది. అందుకే తక్కువ తాగుత."

ఈ నాలుగు వాక్యాలు నాకు ముందే తెలిసి ఉంటే శొంఠి మాట నా నోట వచ్చేది కాదు.

వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో, చికిత్సకు ముందు వైద్యుడు పరిశీలించవలసిన పది విషయాలు చెప్పాడు. అందులో దూష్యం తర్వాత రెండవది దేశం. కాలం, అగ్ని, ప్రకృతి, వయస్సు అన్నీ దాని తర్వాతనే. మనం ఉత్తరాలలో వయస్సు రాసి దేశాన్ని వదిలివేస్తున్నాము! నీరు, చెట్లు తక్కువై, ఎండ, గాలి ఎక్కువైన చోటు జాంగలమని, అక్కడ వాతం అధికమని, నీరు, చెట్లు ఎక్కువైన చోటు ఆనూపమని, అక్కడ కఫం అధికమని, రెండూ కలిసినది సాధారణమని శాస్త్రం. ఈ లెక్కన మా పాత కరీంనగర్ జిల్లా మొత్తాన్ని పెద్దలు జాంగలమనే అనేవారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ 2016 అక్టోబరు వరకు ఆ ఒక్క జిల్లాలోనివే. ఒకదానికొకటి వంద కిలోమీటర్ల లోపే. రోహిణి కార్తెలో మూడు చోట్లా రోళ్ళు పగిలే ఎండే. కాబట్టి మూడింటికీ ఒకటే దేశమనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ఆ తర్వాత నాకు ఒక అలవాటు పట్టుకున్నది. కలిసిన బంధువునల్లా వారి ఊరి ఎండ, గాలి, నీరు గురించి చెప్పమని అడగడం. మా ఇంట్లో దీనిని పిచ్చి అంటున్నారు. అననీయండి.

జగిత్యాల దగ్గర పల్లెలో ఉన్న మా మేనత్త చెప్పింది: "కాలువకు నీళ్ళిడిస్తే దోమలొస్తయి బిడ్డా, ఇడువకపోతే దుమ్మొస్తది." ఎనభై యేళ్ళ ఆ మనిషి ఒక్క మాటలో తన ఊరి చరిత్ర చెప్పింది. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ వచ్చాక, మెట్ట పంటల నేల వరి మడులయింది. యాసంగి వరికి వేసవి ముంగిట వరకు నీరు నిలుస్తుంది. సాయంత్రమైతే ఆ మడుల మీదినుండి వచ్చే గాలిలో తేమ ఉంటుంది. ఆమె చిన్ననాట మక్క గటక, జొన్న అంబలి తిన్న ఊరు జాంగలం. ఇప్పుడు రెండు పూటలా వరి అన్నం తింటున్న అదే ఊరు సాధారణం వైపు జరిగింది. మా అత్తకు పొద్దున్నే గొంతులో కఫం. ఆమెకు పసుపు, మిరియాలు పడతాయి.

కోరుట్లలో మా వదినది ఇంకొక అనుభవం. ఆ ప్రాంతం పసుపు పంటకు పేరుపడినది. వానాకాలం మొదట్లో పెట్టిన పసుపు మాఘమాసం దాకా నేలలోనే ఉంటుంది కనుక చేను ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అయితే మా వదిన చేను గురించి చెప్పలేదు, ఇల్లు గురించి చెప్పింది. పక్కింటివారు బీడీలు చేస్తారు. ఒడిలో చాట పెట్టుకొని గోడకు ఆనుకొని పొద్దంతా కూర్చుంటారు. తునికాకు ఎండితే చుట్టడానికి రాదు, అందుకని తడిపి తడిగుడ్డలో చుట్టి పెడతారు. తంబాకు లేస్తుందని పంకా వేయరు. "బయట నిప్పులు, లోపల ముసురు" అన్నది వదిన. ఇంత చక్కని దేశలక్షణం నేను ఏ గ్రంథంలోనూ చదువలేదు. బయట జాంగలం, గడప దాటితే ఆనూపం! ఆ ఇంటి ఆడవారికి దగ్గు వస్తే, అడుసా ఆకు రసం చెప్పేముందు తంబాకు దుమ్ము గురించి మాట్లాడాలి. ముఖానికి గుడ్డ, కిటికీ ఎదురుగా కూర్చోవడం, రెండు వారాలు దాటిన దగ్గయితే కఫ పరీక్ష. ఇవి లేకుండా ఆకురసం ఒక్కటే చెప్పడం కాలక్షేపం.

సిరిసిల్ల సంగతి పైన చెప్పాను. అయితే అక్కడ కూడా నేల మారుతున్నది. 2019లో మధ్యమానేరు జలాశయం నిండిన తర్వాత చుట్టుపక్కల బావులలో నీరు పైకి వచ్చింది. మానేరు ఇసుక, వేడిగాలి తప్ప ఏమీ గుర్తులేని మా చిన్నమ్మ ఇప్పుడు వరి మడులను చూసి ఆశ్చర్యపోతుంది. కాని ఆమె కొడుకు పనిచేసే రేకుల షెడ్డు మాత్రం జాంగలంగానే మిగిలింది. మనిషి దేశం అతని జిల్లా కాదు, అతడు పగలు గడిపే చోటు.

పత్రికలో వచ్చే ఉష్ణోగ్రత అంకెను కూడా ఇదే దృష్టితో చదవాలి. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని తెల్లరంగు వేసిన, గాలి ఆడే పెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున నీడలో ఉంచుతారు. 44 డిగ్రీలంటే ఆ నీడలోని గాలి వేడిమి. రేకుల క్రింద నిలబడినవాడిది, డాంబరు రోడ్డు మీద నడిచేవాడిది ఆ అంకె కాదు. ఇక తేమ సంగతి వేరు. పొడి గాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. శరీరం చల్లబడుతుంది గాని ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. మా తమ్మునికి జరిగినది అదే. తేమ గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది, శరీరం చల్లబడదు. మా వదిన కొడుకు దుబాయిలో కట్టడం పనిలో ఉన్నాడు. అక్కడి ఎండ మన రోహిణి వంటిదే, కాని ప్రక్కన సముద్రం. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు దాకా ఎండలో పని చేయించరాదని అక్కడి ప్రభుత్వ నియమం. రాత్రి పడుకునేది ఏసీ గదిలో. ఒకే రోజులో రెండు ఋతువులు! వదిన అతనికి కోరుట్ల పసుపు, శొంఠిపొడి పార్సిలు కట్టి పంపుతుంది. ఆ ప్రేమను కాదనలేను గాని, శొంఠిని తీయించి, ఉప్పు చక్కెర నీళ్ళ కొలత రాసి పెట్టించాను. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ గీటుకు సమంగా. టీ చెంచా కొలత.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చును. గ్రీష్మంలో పెరుగు తగదని చరకుడు చెప్పాడు గదా, మరి మన ప్రాంతంలో ఎండకాలం పెరుగు లేనిదే ముద్ద దిగదు, శాస్త్రం తప్పా, మనం తప్పా? ఆ పది విషయాలలోనే సాత్మ్యం ఒకటి ఉన్నది. తరతరాలుగా ఒంటికి అలవడినది అని దాని అర్థం. నా మట్టుకు నేను మధ్యేమార్గంగా పెరుగుకు బదులు, వెన్న తీసి బాగా నీళ్ళు కలిపిన మజ్జిగ ఉప్పుతో తాగుతాను.

ఒక్క విషయంలో మాత్రం ఏ ఊరైనా మాట మారదు. ఎండలో తిరిగినవాడికి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతుంటే అది వడదెబ్బ. చెమట ఆగినా ఆగకపోయినా సరే. జేబులో ఉల్లిగడ్డ దానిని ఆపలేదు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహలో లేనివారి నోట్లో మజ్జిగ గాని, పానకం గాని పోయరాదు.

ఇకమీదట పాఠకులు ఉత్తరం రాసేటప్పుడు బాధకు ముందు ఊరి పేరు, ఇంటి కప్పు పెంకులో, రేకులో, స్లాబో, పని చేసే చోట గాలి ఎటువంటిదో, రోజుకు ఎన్ని చెంబుల నీరు తాగుతారో రాయాలని నా మనవి. ఆ నాలుగు వాక్యాలు లేని ఉత్తరానికి పత్రికవారు చిట్కా ముద్రించకుండా, ముందు ఆ వివరాలు అడుగుతూ జవాబు రాయాలి. ఒక సంచిక ఆలస్యమైతే నష్టం లేదు.

మా సిరిసిల్ల తమ్ముడు ఇప్పుడు రెండు సాంచాల నడుమ నీళ్ళ కూజ పెట్టుకున్నాడు. నడుము నొప్పి చాలావరకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. మొన్న ఫోనులో, "మిరుగు వస్తున్నది గదన్నా, శొంఠి మళ్ళ మొదలుపెట్టాలె?" అని అడిగాడు. మొదట వాన పడనీ, రేకుల మీద చప్పుడు విన్నాక ఫోను చెయ్యి అన్నాను.