తోక కోసేసిన ఫొటోలు

కోయంబత్తూరులోని సింగానల్లూరు చెరువు గట్టు మీదికి కెమెరాలతో వచ్చేవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. చిలక ఫొటో అంటే కంట్లో మెరుపు కనబడాలట, ఫ్రేమంతా పిట్టే ఉండాలట. అలా లేకపోతే జాతే తేలదట. ఇది శుద్ధ తప్పు. పైగా చిలకలకు చేటు.

ఎగిరే చిలకను పట్టిచ్చేది ముఖ్యంగా తోకా, అరుపూ. ఫ్రేము నింపాలనే యావలో మొదట కోసేసేది ఆ తోకనే! చెరువు మీదుగా కీచుమంటూ పోయే గుంపు మామూలు రామచిలకలది. మెడకు నలుపు, గులాబీ పట్టీ ఉన్నది ఎదిగిన మగది. సలీం అలీ పేరిట పక్షిశాస్త్ర కేంద్రం ఉన్న ఆనైకట్టి వైపు వెళ్తే అరుపు తియ్యగా మారుతుంది, తోక కొస తెల్లబడుతుంది. అది ఇంకో జాతి, ఊదాతల చిలక. మగదాని తల ఎరుపూ ఊదా కలిసిన రంగు, ఆడదాని తల బూడిద రంగు. పడమటి కనుమల్లో తప్ప లోకంలో మరెక్కడా లేని నీలిరెక్కల మలబారు చిలకకు తోక కొస పసుపు. భుజాన ఎర్ర మచ్చ కనబడగానే పెద్దచిలక అనే మరో జాతిదని తేల్చేస్తారు గానీ, ఊదాతల మగదానికీ చిన్న మచ్చ ఉంటుంది. తోక లేని క్లోజప్పులో ఈ తికమక తీరదు.

దగ్గరికి పోవాలనే పిచ్చి చివరికి తొర్ర దగ్గరికి చేరుస్తుంది. మోడుబారిన కొబ్బరిచెట్టు కింద మనిషి నిలబడి ఉన్నంతసేపూ మేత తెచ్చిన తల్లి లోపలికి పోదు. ఆ ఫొటోకు చోటు పేరు తగిలించి పంచుకుంటే పిల్లల్ని ఎత్తుకుపోయేవాడికి దారి చూపినట్టే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, దేశవాళీ పిట్టల వ్యాపారం మీద 1990-91 నుంచి నిషేధమూ ఉంది. అయినా జోస్యం పెట్టెల్లో చిలకలు ఆగలేదు. అవి చాలావరకు ఇలాంటి తొర్రల్లోంచి తీసినవే.

దగ్గరి ఫొటోలే జనంలో ప్రేమ పెంచుతాయంటారు. చిలకమీద మనకు ప్రేమకు కరువెప్పుడు? పంజరంలో పెట్టిందీ ఆ ప్రేమే.

2017లో నగరపాలక సంస్థ ఈ చెరువును జీవవైవిధ్య సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఆ మాటకు విలువిచ్చి గట్టు మీదినుంచే తియ్యండి. పిట్ట చిన్నదైనా తోకతో సహా, వాలిన కొమ్మతో సహా రానివ్వండి. అరుపు ఎలా ఉందో, ఏ చెట్టు కాయ కొరుకుతోందో పక్కన రాసుకోండి. గూడు కంటబడితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ఫొటో బయటపెట్టకండి. ఏ చెట్టని అడిగితే, అడిగింది మీ సొంత బావమరిదైనా సరే, చెప్పకండి.