తెల్లకాగితపు నేరము

వ్రాసిన వ్రాతకు శిక్ష విధించిన ప్రభుత్వములను మనవారు చిరకాలముగా నెఱుంగుదురు. వ్రాయని వ్రాతకు శిక్ష విధించు ప్రభుత్వములను మన కాలమువారు చూచుచున్నారు. 2022వ సంవత్సరము నవంబరు 26వ తేదీని చైనాదేశమున, నాన్‌జింగ్ నగరమందలి కమ్యూనికేషన్ విశ్వవిద్యాలయపు మెట్లమీద ఒక విద్యార్థిని చేత తెల్లకాగితము పట్టుకొని నిలువబడెను. ఆ కాగితముమీద అక్షరమన్నది లేదు. ఒకడు వచ్చి దానిని ఆమె చేతినుండి లాగికొని పోయెను. ఆ రాత్రియే పదుల కొలది విద్యార్థులు తెల్లకాగితములతో ఆ మెట్లమీద నిలిచిరి. సెల్‌ఫోనుల మూలమున ఆ దృశ్యము దేశమంతయు ప్రాకెను. మరునాటికి బీజింగు వీథులలోను తెల్లకాగితములు లేచెను. మన రాజ్యాంగమును 1949లో ఆమోదించిన తేదీయు నవంబరు 26వదియే యగుట కాకతాళీయమే. అయినను ఆ సందర్భమున మనలను మనము కొన్ని ప్రశ్నలు వేసికొనుట యుచితమని తలంచుచున్నాము.

ఆ కాగితము వెనుక నొక దుఃఖము కలదు. అంతకు రెండుదినములు ముందు, నవంబరు 24వ తేదీని, సింకియాంగు రాజధానియగు ఉరుమ్‌చీ నగరమున నొక మేడకు నిప్పంటుకొనెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 10మంది మరణించిరి. కరోనా కట్టుబాట్లవలన ఆ నగరవాసులు నూరు దినములకు మించి నిర్బంధములో నుండిరి. ఆ కట్టుబాట్లకై వేసిన అడ్డంకులే ప్రాణరక్షణకు ఆటంకములైనవని ప్రజలు తలంచిరి. కాదని అధికారులు పలికిరి. నిజమేదియో విచారించి చెప్పుటకు స్వతంత్ర పత్రికలేదు. నిలదీసి యడుగుటకు సభలేదు. షాంఘై పట్టణమున ఉరుమ్‌చీ పేరుగల వీథి యొకటి యున్నది. 26వ తేదీ రాత్రి జనులు అచ్చటికి పోయి పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి, మృతులకై దుఃఖించిరి. ఆ దుఃఖమే క్రమముగా నినాదమైనది.

దుఃఖించువారు మాటలు విడిచి తెల్లకాగితము నేల పట్టవలసి వచ్చెను? ఆ దేశమున మాటలన్నియు ఒకటొకటిగా కొల్లబోయినవి గనుక. ఇంటర్నెట్టులో నెవరేమి వ్రాసినను కావలివాండ్రు వెదకి తుడిచివేయుదురు. తియానన్మెన్ మైదానమున 1989 జూను 4వ తేదీని జరిగిన ఘోరమును తలంపరాదు. కావున అచ్చటి యువకులు 'మే 35' అని వ్రాసిరి. మే నెలకు 31 దినములే గదా. లెక్కించి చూచినచో జూను 4 తేలును. కావలివాండ్రు దానిని కనిపెట్టి తుడిచిరి. తుడిచివేయుటకు ప్రభుత్వము పెట్టిన పేరు 'సామరస్యము'. చైనాభాషలో ఆ మాటయు 'ఏటిపీత' యను మాటయు వినుటకించుమించుగ నొకటియే. అందుచేత 2009 ప్రాంతమున ఏటిపీతతో పోరాడు నొక వింతగుఱ్ఱపు కథ యింటర్నెట్టులో పుట్టి, పిల్లల పాటగా వ్యాపించి, పెద్దలను నవ్వించెను. ఒకే కావ్యమున రామకథయు భారతకథయు పలికించిన పింగళి సూరన భాషవారమగు మనకు శ్లేష యననేమో వేరుగ చెప్పనక్కఱలేదు. అయితే మన కవికి శ్లేష విద్యావినోదము, వారికి ప్రాణరక్షణోపాయము. నవంబరు నిరసనల నాడు కొందఱు 'మంచిది, మంచిది, మంచిది' యని మాత్రమే పలుమాఱు వ్రాసిరి. పొగడ్త యెంత యెక్కువైనదో ఎత్తిపొడుపు అంత స్పష్టమైనది.

బీజింగులోని చింగ్‌హువా విశ్వవిద్యాలయపు విద్యార్థులు కొందఱు గణితసమీకరణము నొకదానిని కాగితముమీద వ్రాసి పట్టుకొనిరి. విశ్వవ్యాప్తిని గూర్చి ఫ్రీడ్‌మన్ అను రష్యాశాస్త్రజ్ఞుడు కనుగొనిన సమీకరణమది. ఆయన పేరు ఇంగ్లీషు చెవికి 'బంధవిముక్తుడు' అన్నట్లు వినబడును. ఇట్లు మాట పోయి శ్లేష, శ్లేష పోయి అంకె, అంకెయు పోయి తుద కేమియు లేని కాగితము మిగిలెను. ఈ యుపాయము వారికి హాంగ్‌కాంగు ముందే చూపినది. 2020 జూను 30వ తేదీని జాతీయ భద్రతా శాసనము రాగా, నినాదములు వ్రాసిన చీటీలతో నిండియుండిన గోడలమీద అచ్చటివారు ఖాళీచీటీలు అంటించిరి. కొలది దినములకే తెల్లకాగితములు పట్టిన వారిని పోలీసులు నిర్బంధించిరి.

ఈ జాడ్యము చైనాకు మాత్రమే పరిమితమని తలంపరాదు. రష్యాదేశమున, సైబీరియాలోని బర్నౌలు పట్టణమున, 2012లో ఎన్నికల యక్రమములను ఖండింప సభకు సెలవు దొరకకపోగా, పౌరులు పిల్లల ఆటబొమ్మలను మంచుమీద నిలిపి, చిట్టి యట్టముక్కలను వానికి తగిలించిరి. పోలీసువారు వచ్చి ఆ యట్టలమీది వ్రాతలను శ్రద్ధగా పుస్తకములలో ఎక్కించుకొనిరట. మఱల బొమ్మల సభకు అనుమతి యడుగగా, బొమ్మలు రష్యా పౌరులు కావు గనుక సభచేయుటకు వానికి హక్కులేదని యధికారులు సెలవిచ్చిరి! పదియేండ్లకు ఆ నవ్వు కూడ చెల్లక పోయెను. ఉక్రెయిను యుద్ధము మొదలైన పిదప, 2022 మార్చిలో, సైన్యమును గూర్చి ప్రభుత్వము చెప్పినది గాక వేఱొకటి చెప్పినచో 15 ఏండ్లవరకు చెఱ విధించు శాసనము వచ్చెను. ఆ దినములలోనే నిజ్నీ నోవ్‌గొరోదు పట్టణమున తెల్లకాగితము పట్టుకొని నిలిచిన యువతిని పోలీసువారు పట్టుకొనిపోయిరి. సెయింటు పీటర్సుబర్గులో అలెగ్జాండ్రా స్కొచిలెంకో యను చిత్రకారిణి అంగడిలోని 5 ధరచీటీలను తీసి, వానిస్థానమున యుద్ధవార్తలు వ్రాసిన చీటీలుంచినది. ఆమెకు 2023 నవంబరులో 7 ఏండ్ల శిక్ష పడెను. 2024 ఆగస్టు 1వ తేదీని దేశముల మధ్య ఖైదీల మార్పిడి జరుగుటచే ఆమె బయటపడగలిగెను.

న్యాయశాస్త్ర మభ్యసించిన వానికి మొదట చెప్పు పాఠమేమి? నేరమునకు చేష్ట యొకటి, దుర్బుద్ధి యొకటి కావలెను. రెండును సాక్ష్యముచే ఋజువు కావలెను. తెల్లకాగితపు కేసులో సాక్ష్య మెక్కడ నున్నది? కాగితముమీద లేదు, పట్టినవాని నోటలేదు. పట్టుకొనవచ్చిన పోలీసువాని మనస్సున నున్నది! ఆ కాగితముమీద నేమి వ్రాయవలసియున్నదో అతడు సంపూర్ణముగ చదువగలిగెను. అనగా తనమీది యభియోగము ప్రభుత్వమునకు ముందే కంఠస్థమైయున్నదన్నమాట. పౌరుని దోషమును నిరూపింపబోయి ప్రభుత్వము తన దోషమును తానే యొప్పుకొనుచున్నది. తెల్లకాగితమునకు గల బలమంతయు ఇందే యున్నది.

ఇట్టి వినోదమును మన తెలుగుదేశమును చవిచూచినదే. తెల్లదొరతనము వలదని పాట వ్రాసి పాడినందుకు గరిమెళ్ళ సత్యనారాయణగారు 1922లో కారాగారమునకు పోయిరి. ఆ పాటకు అచ్చుకంటె నోరే వాహనము. వీథినుండి వీథికి, ఊరినుండి ఊరికి అది పాకినరీతి నేటి సెల్‌ఫోనుల వేగమునకు తీసిపోదు. తెలుగు రాని దొర యొకడు ఆ పాట వినిపించుకొని, అర్థము తెలియకున్నను బాణీనిబట్టియే దాని ప్రమాదమును గ్రహించెనని పెద్దలు చెప్పుదురు. భాష తెలియక శిక్షించుటకును, భాషయే లేనిదానిని శిక్షించుటకును భేద మెంత? రెండింటను శిక్షకు మూలము పాలకుని భయమే.

స్వరాజ్యము వచ్చినది గనుక ఈ భయము మన పాలకులను వదలినదని చెప్పగలమా? 1975 జూను 25వ తేదీని అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి పత్రికలకు ముందస్తు తనిఖీ వచ్చినప్పుడు, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక జూను 28వ తేదీని సంపాదకీయపు చోటును ఖాళీగా విడిచి ప్రకటించెను. ఇంటర్నెట్టు కాలమున ఆ భయము సమాచార సాంకేతిక శాసనపు 66-ఏ సెక్షను రూపమున వచ్చెను. 2009లో అమలునకు వచ్చిన ఆ సెక్షను ప్రకారము, కంప్యూటరు మూలమున పంపిన సందేశము మిక్కిలి అభ్యంతరకరమైనను, అబద్ధమని యెఱిగియు చికాకు గాని అసౌకర్యము గాని కలిగింప పలుమాఱు పంపినను 3 ఏండ్ల చెఱ. అభ్యంతరమనగా నేమి? చికాకు ఎవరికి? శాసనము చెప్పదు, పోలీసు ఠాణాయే చెప్పవలెను. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరము బొంబాయి నగరము మూతపడుటను ప్రశ్నించి ఫేస్‌బుక్కులో నాలుగు మాటలు వ్రాసిన యువతిని, ఆ మాటలు మెచ్చిన మఱియొక యువతిని మహారాష్ట్రలోని పాల్ఘరులో నిర్బంధించిరి. మెచ్చుకొనుట కూడ నేరమైన దినమది!

శ్రేయా సింఘాల్ అను న్యాయవిద్యార్థిని సుప్రీముకోర్టు నాశ్రయించెను. 2015 మార్చి 24వ తేదీని, కృష్ణాజిల్లావారగు జస్టిస్ చలమేశ్వరు, జస్టిస్ రోహింటన్ నారిమను కూర్చున్న ధర్మాసనము ఆ సెక్షనును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. ఆ తీర్పు మూడింటికి భేదము చూపినది: ఒక విషయమును చర్చించుట, దానిని సమర్థించుట, నేరమునకు పురికొల్పుట. మొదటి రెండును ఎవరికెంత కటువైనను పౌరుని హక్కులే. మూడవది మాత్రమే శాసనమునకు చిక్కదగినది. అయినను తీర్పు వెలువడిన పిదప గూడ చచ్చిన సెక్షను క్రింద పోలీసులు కేసులు వ్రాయుచునే యుండిరి. 2021లో సుప్రీముకోర్టు విస్మయము ప్రకటించినది. 2022 అక్టోబరులో ఆ సెక్షను క్రింద ఎవరిని విచారింపరాదని మఱల ఆజ్ఞాపింపవలసి వచ్చినది. కొట్టివేసిన చట్టము ఏడేండ్లు ఠాణాలలో బ్రతికియుండుట కేవలము పోలీసుల తప్పు కాదు. పట్టుబడినవాడు తన హక్కు నెఱుంగకుండుటయు, ఎఱిగినవారు పట్టుబడినవానికై లేవకుండుటయు దానికి ప్రాణము పోసినవి.

అబద్ధములు వ్యాపించుచుండగా కట్టడి వలదా యని కొందఱు పెద్దలు మమ్ము ప్రశ్నింతురు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. 2018 జూలై 1వ తేదీని, మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామమున, పిల్లలనెత్తుకొనిపోవువారను వట్టి పుకారునకు 5గురు నిరపరాధులు బలియైరి. అట్టి పుకార్లను మోసినది వాట్సాపే. ఏ వేగముతో గరిమెళ్ళ పాట పాకెనో ఆ వేగముతోనే విషమును పాకును. కాని హత్యకు పురికొల్పుటను శిక్షించుటకు, కొట్టి చంపినవారిని శిక్షించుటకు సూటియైన చట్టములున్నవి. వానిని నిక్కచ్చిగా నడపుట కష్టమని విడిచి, చికాకు పుట్టించిన మాటలనెల్ల పట్టుకొనుట సులభమని చేపట్టు ప్రభుత్వము హంతకుని విడిచి విదూషకుని బంధించును. నేరమేదో పౌరుడు ముందుగ చదివి తెలిసికొనునంత స్పష్టముగ శాసనము వ్రాయవలయును. ఇదియే మా కోరిక. ఇంతకంటె తక్కువతో తృప్తిపడుట క్షేమము కాదు.

తెల్లకాగితము వలన ఫలమేమని యడుగువారును గలరు. డిసెంబరు 7వ తేదీని చైనా ప్రభుత్వము కరోనా కట్టుబాట్లను చాలవఱకు సడలించినది. అందుకు ఆర్థికకారణములును, వ్యాధి అదుపు తప్పుటయు తోడైనవి గనుక కీర్తియంతయు కాగితమునకే కట్టము. ఆ ప్రభుత్వము పడిపోలేదు. వెలయును చెల్లింపవలసి వచ్చినది: బీజింగులో కొందఱు యువతులు నెలల తరబడి నిర్బంధములో నుండిరి. వారిలో నొక ప్రచురణాలయపు ఉద్యోగిని, తాను పట్టుబడుదునని యెఱిగి, తాము ఊరుపేరు లేక మాయము కాకుండ చూడుడని వేడుకొనుచు వీడియో విడిచి పోయెను. ఆమె ప్రపంచమును కోరినది ఇంతే: తన పేరు మఱవకుండుట. వీథిలో నిలిచినవానికి ఇంటర్నెట్టు సాక్షిగా నిలువవలెను. ఇంటర్నెట్టులో పలికినవానికి వీథి యండగా నిలువవలెను. ఒకటి తెగినచో రెండవది యొంటరిదగును. అందుచేతనే పాలకులు మొదట ఈ రెంటి నడిమి దారిని తెంపజూతురు. 2022 నవంబరులోనే ఆపిలు కంపెనీ చైనాలోని తన ఫోనులలో, అపరిచితులకు చేరువనుండి బొమ్మలు, కాగితములు పంపుకొను సౌకర్యమును 10 నిమిషములకు కుదించెను. మన దేశమున ఇంటర్నెట్టును కాలపరిమితి లేక నిలుపుట చెల్లదని సుప్రీముకోర్టు 2020 జనవరి 10వ తేదీని కాశ్మీరు వ్యాజ్యమున తీర్పు చెప్పవలసి వచ్చెను.

కావున పఠనమందిరములకు వచ్చు మా చదువరులకు విన్నపము. 66-ఏ తీర్పు సారమును తెలుగున వ్రాయించి మీ మందిరపు గోడకు తగిలింపుడు. మీ యూర నెవడైన ఒక బొమ్మ గీసినందుకో, ఒక పాట పాడినందుకో ఠాణాకు పోయినప్పుడు, వాడు మన పక్షమువాడా యని విచారింపక, ఏ సెక్షను క్రింద పట్టిరని యడుగుడు. మీలో న్యాయవాదులున్నచో ఆ రాత్రియే ఠాణాకు పొండు; ఉదయమువఱకు ఆగవలదు. మీ ఫోనునకు వచ్చిన వార్తను నిజము తెలియక ఇతరులకు పంపకుడు. మన యజాగ్రత్తయే రేపటి కఠినశాసనమునకు సాకగును. మనకు నచ్చిన మాటకు మాత్రమే స్వేచ్ఛ కోరువాడు స్వేచ్ఛను కోరుటలేదు, తన పక్షపు గెలుపును కోరుచున్నాడు. మన కసహ్యమైన మాట పలికినవానికై, ఆ మాట పురికొల్పుట కానంతవఱకు, నిలువగలిగిన నాడే మన హక్కునకు పునాది యుండును. నాన్‌జింగ్ మెట్లమీద ఆ బాలిక తెల్లకాగితముతో నిలువవలసి వచ్చెను. మనకింకను కాగితముమీద వ్రాయు స్వేచ్ఛ మిగిలియున్నది. దానిని వాడుకొందము, వాడని హక్కు తుప్పుపట్టును.