వైఫై అందని ల్యాప్‌టాప్: తెగినది ఎక్కడ?



ఉదయగిరి చుట్టుప్రక్కల పల్లెలలో సైతము ఇప్పుడు కొన్ని ఇండ్ల గోడలకు చిన్న వైఫై బాక్సు కనబడుతున్నది. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఇంటినుండి చేసే ఉద్యోగములు దానిమీదనే ఆధారపడి ఉన్నవి. రేపు ఆఖరు తేదీ అనగా ల్యాప్‌టాప్‌కు వైఫై అందకపోతే ఇల్లంతా కలత చెందుతుంది. తండ్రి పిల్లవానిని కేకలు వేస్తాడు, పిల్లవాడు కేబుల్ అతనిని తిడతాడు. తెల్లవారగానే ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని ఆత్మకూరు బస్సెక్కుతారు. తీరా అక్కడ షాపులో అది చక్కగా పనిచేస్తుంది! బస్సు చార్జీలు, ఒక దినపు కూలి పోయినవి. తెగినది ఇంటి దగ్గరే ఉండిపోయినది.

సోమశిల నీరు పారే పొలమున్న రైతు ఇట్లు తొందరపడడు. మడికి నీరు రాకపోతే ముందు ప్రక్క చేను చూస్తాడు. అక్కడ పారుతుంటే అడ్డు తన పిల్లకాలువలోనే ఉన్నది. అక్కడా ఎండితే పై కాలువ చూడాలి. వైఫై సంగతీ అంతే. వెలుపలి తీగ, ఇంటిలోని బాక్సు, ల్యాప్‌టాప్, ఈ మూడింటిలో దోషము దేనిలో ఉన్నదో మొదట తేల్చుకోవాలి.

ఒక ఫోనులో సిమ్ డేటా ఆపి, దానిని అదే వైఫైకి కలిపి చూడండి. ఫోనులో కూడా రాకపోతే ల్యాప్‌టాప్‌ను ముట్టుకోవద్దు. బాక్సు మీద ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎర్రగా వెలుగుతుంటే వెలుపలి తీగనుండి వెలుగు రావడము లేదని అర్థము. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభముల మీదుగానే వేశారు. అట్టి తీగ మీద గాలివానకు కొమ్మ విరిగి పడినా తెగవచ్చును. లోపల ఉన్నది గాజుపోగు గనుక ఇంటిలో మేకుకు గట్టిగా మడిచి కట్టినా పాడవుతుంది. అప్పుడు కేబుల్ అతనికే ఫోను చేయాలి. ఎర్రదీపము లేకపోతే బాక్సును ఆపి, అర నిమిషము తరువాత వేసి, ఐదు నిమిషములు ఆగండి.

ఫోనులో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే ఇవి చూడండి.

వైఫై పేరే కనబడకపోతే ఏరోప్లేన్ మోడ్ పడి ఉండవచ్చును. చిన్నపిల్లలు ఆ మీటను తెలియక నొక్కుతారు. కొన్ని బాక్సులు రెండు పేర్లు చూపుతాయి. 5జి అని ఉన్నదానిని పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని పట్టలేవు, మందపాటి గోడలు దాటి అది దూరము పోలేదు. కాబట్టి రెండవ పేరుకు కలపండి. సిమ్‌లోని 5జికీ దీనికీ సంబంధము లేదు.

పేరు కనబడి కలవకపోతే ఆ పేరుమీద ‘ఫర్‌గెట్’ నొక్కి, పాస్‌వర్డ్‌ను పెద్ద, చిన్న అక్షరములు చూచుకొని మరల కొట్టండి.

కలిసికూడ పేజీలు తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లో తేదీ, సమయము సరిచూడండి. అవి తప్పుగా ఉంటే బ్యాంకు, ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరుచుకోవు. నెట్‌వర్క్ వివరములలో ఐపీ అడ్రసు 169.254తో మొదలైతే బాక్సునుండి దానికి అడ్రసు అందలేదన్నమాట. రెంటినీ ఆపి వేయండి.

చివరిగా ల్యాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలపండి. కలిస్తే అది బాగానే ఉన్నది, బాక్సు సంగతి చూడాలి. కలవకపోతే అప్పుడు ఆత్మకూరు ప్రయాణము సార్థకము.

రెండు హెచ్చరికలు. బాక్సు వెనుక సన్నని రంధ్రములో పిన్ను గుచ్చి నొక్కవద్దు. కేబుల్ అతను పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోయి, అతను వచ్చేవరకు ఇంటిలో ఎవరికీ నెట్ ఉండదు. ఇంటర్నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్లను నమ్మి, వారు చెప్పిన యాప్ వేసి మీ స్క్రీను చూపించవద్దు. డబ్బు పోతే ఆలస్యము చేయక 1930కు ఫోను చేయండి.

గడువు ఆ రాత్రితోనే ముగుస్తుంటే ఇవేవీ చేస్తూ కూర్చోవద్దు. ఫోను హాట్‌స్పాట్ మీదనో, ఫోనులోనో ముందు దరఖాస్తు పంపించండి. బాక్సును రేపైనా బాగుచేసుకోవచ్చును, బిడ్డకు పోయిన సీటు మరల రాదు.