విదేశీ చదువుకు వీసా గండం

మేళ్లచెరువు: అమెరికాలో సీటు వచ్చినా వీసా చేతికందే దాకా విద్యార్థులకు భరోసా లేకుండా ఉన్నది. 2023లో 185 డాలర్లకు పెంచిన వీసా రుసుముతో పాటు 350 డాలర్ల సెవిస్ రుసుమునూ ఇంటర్వ్యూకు ముందే చెల్లించాలి. వీసా నిరాకరించినా ఇవి తిరిగి రావు. 2025 మే నెలలో కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపివేసి, జూన్‌లో పునరుద్ధరించారు.

ఖర్చుకు డబ్బున్నదని, చదువయ్యాక తిరిగి వస్తామని హైదరాబాద్ కాన్సులేట్ అధికారికి నమ్మకం కలిగించాలి. లేకుంటే 214-బి సెక్షన్ కింద తిరస్కరిస్తారు. సాగర్ కాలువ కింది రైతుకు చిక్కు ఇక్కడే వస్తున్నది. తిరిగి రావడానికి ఆధారంగా చూపే పొలాన్నే అప్పు కోసం తాకట్టు పెట్టవలసి వస్తున్నది. బ్యాంకు మంజూరు పత్రంతో ఇంటర్వ్యూకు వెళ్లి, వీసా వచ్చాకనే సొమ్ము తీసుకోవడం రైతుకు క్షేమం.