రంగశాల తాళపుచెవి

నాటకము చూచి యింటికి మరలినవారు నటుని గూర్చి ముచ్చటింతురు. పద్యము పాడినవాని గొంతును మెచ్చుకొందురు. తెర లేచుటకు ఎంతో ముందుగనే వచ్చి తలుపులు తీసి, అందరును వెడలిన పిదప దీపములార్పి పోవు కావలివానిని గూర్చి ఒక్కరును మాటాడరు. నేడు మేము వ్రాయబూనినది అతనిని గూర్చియే.

1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు నాటకముతో గల చుట్టరికము పాతది. అచట రిజిస్ట్రారుగా నుండిన కూర్మా వేణుగోపాలస్వామిగారు కళాశాలల నడుమ నాటకపు పోటీలను ప్రోత్సహించి, వాల్తేరులో రంగస్థలమునకు ఊపిరి పోసిరి. దస్త్రములు చూచు అధికారియే రంగస్థలమును గూడ తనదిగా నెంచిన దృష్టాంతము మనకు ఇంటనే కలదన్నమాట. ఈనాడో! కళ ఒకరిది, కట్టడము వేరొకరిది, తాళపుచెవి మరియొక గుత్తదారునిది.

2023 నవంబరు 25న కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయమున విద్యార్థుల ఉత్సవము జరుగుచుండెను. అదియును ఆరుబయలు రంగశాలయే. పాట మొదలు కాకమునుపే వాన పడినది. వెలుపలనున్నవారు తలదాచుకొనుటకై ఒక్క వాకిటివైపు త్రోసికొనివచ్చిరి. వాకిలి దాటగనే దిగుడుమెట్లు. ముందువారు పడిరి, వెనుకవారికి ఆ సంగతి తెలియదు. నలుగురు మరణించిరి, వారిలో ముగ్గురు ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులే. దొంగ లేడు, దౌర్జన్యము లేదు, నిప్పు లేదు. ఉన్నవి వాన, వాకిలి, మెట్లు.

ఇది చదివి మన తీరమువారు ఉలికిపడవలదా? అక్టోబరు, నవంబరు మనకు వాయుగుండముల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏమి చేసినదో పెద్దలు మరువలేదు. పైకప్పు లేని చోట వేలమందిని కూర్చుండబెట్టినపుడు, చినుకు పడిన వారెచటికి పోవలెనో ఆహ్వానపత్రము వ్రాయునాడే తేల్చుకొనవలయును. గోడలను గూడ నమ్మి యూరకుండరాదు. పెందుర్తికి పొరుగుననున్న సింహాచలమున 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవపు వేకువను, వానలో గోడ కూలి వరుసలో నిలిచిన యేడుగురు మరణించిరి.

భద్రత యనగా మనవారికి లాఠీయే తోచును. ముందు వాకిట పిల్లల సంచులు వెదకి మంచినీళ్ల సీసాలు లాగికొందురు; వెనుక వాకిటికి మాత్రము గొలుసు వేసి తాళము బిగింతురు! మా ప్రాంతమునందలి యొక వార్షికోత్సవమున ఆ తాళపుచెవి తేనీటికి పోయినవాని జేబులో నుండుట మేము కన్నార చూచితిమి. ఆనాడేమియు జరుగలేదు, అందుచేతనే ఎవరును దానిని తప్పుగా నెంచలేదు.

తప్పు కావలివానిదని యనుట సులభము. అతడు గుత్తపు కూలివాడు. "చోటు నిండినది, ఇక పంపను" అని యతడనిన యెడల, పెద్దల సిఫారసుతో వచ్చినవాడు నవ్వి లోనికి పోవును. ఆపుటకు అధికారము లేనివానిని కావలివాడనుట యెట్లు? లెక్క మించిన పిదప ఉపాధ్యక్షులవారి చుట్టమునైనను నిలుపగల యధికారము వ్రాతమూలకముగ అతనికీయవలయును. వాకిళ్లన్నియు తెరచిన పిమ్మటనే మొదటి ప్రేక్షకుని లోనికి విడువవలయును.

పెందుర్తినుండి పిల్లలను బస్సెక్కించి నగరమునకు నాటకము చూపతెచ్చు ఉపాధ్యాయులారా! ఆసనములు వెదకుటకు ముందు వెనుక వాకిలి యెచటనో అడుగుడు. పిల్లలను ఒకమారు ఆ దారిని నడిపింపుడు. తాళము కనబడినచో, అది తీయువరకు వారిని కూర్చుండనీయకుడు.